ఉష చందమామ మీద సిరా

మా చిన్నప్పుడు తెనాలిలో బడి తెరిచారంటే చాలు... మా ఇంటినిండా రష్యా కాగితాలే! నాన్న తెప్పించే రష్యా పత్రికల నున్నటి పేజీలు చింపి మా నోటు పుస్తకాలకి అట్టలు వేసేవారు. నా సోషల్ పుస్తకం మీద నిప్పులు కక్కుతూ లేచే రాకెట్టు. అబ్బో, ఎంత టెక్కో నాకు!

నా పక్కన కూర్చునే ఉషది అమెరికా పక్షం. హైదరాబాదు నుంచి వాళ్ళ బాబాయి పంపిన పత్రికలోంచి, చందమామ మీద నిలబడ్డ మనిషి బొమ్మని అట్టగా వేసుకుంది.

"ముందు పైకెళ్ళింది మా వాళ్ళే!" అనేదాన్ని నేను.

"వెళ్తే ఏంటే? చందమామ మీద దిగింది మా వాళ్ళేగా!" అనేది ఉష.

మా వాళ్ళట... మ్యాపులో చూపించమంటే ఇద్దరం తెల్లమొహం వేసేవాళ్ళం. అయినా సరే, బెంచీ మధ్యలో సుద్దముక్కతో గీత గీశాం. ఎవరి మోచెయ్యి దాటినా యుద్ధమే.

ఒకరోజు క్లాసంతా ఉష బొమ్మ చుట్టూనే మూగింది. నాకు ఒళ్ళు మండింది. ఇంటర్వెల్లో ఎవరూ లేనప్పుడు పెన్ను విప్పి, ఆ చందమామ మీద సిరా అంతా ఒంపేశాను.

"ఎవరే పోసింది?" అని వెక్కి వెక్కి ఏడ్చింది. "నాకేం తెలుసు?" అన్నాను. ఛీ... ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆ వెంటనే నాకు జ్వరం. వారం తర్వాత లేచేసరికి, ఉష వాళ్ళ నాన్నకి బదిలీ అయి ఊరొదిలి వెళ్ళిపోయారు.

"నువ్వు పడుకునుంటే ఉష పట్టుకెళ్ళిందే. పొద్దున ఇచ్చి వెళ్ళింది" అంటూ అమ్మ నా సోషల్ పుస్తకం చేతిలో పెట్టింది. నేను బడికి వెళ్ళని రోజుల పాఠాలన్నీ తన గుండ్రటి అక్షరాలతో రాసిపెట్టింది. ఎప్పుడో అంచు చిరిగిపోయిన నా రాకెట్టు అట్టని అన్నం మెతుకులతో అతికించింది...

మొన్న ఇక్కడ, ఐర్లండులో, డబ్లిన్ శాండీఫోర్డ్‌లో మా ఇంట్లో, మా అమ్మాయి బడి ప్రాజెక్టు కోసం అంతరిక్ష కేంద్రం వీడియో చూస్తోంది. కింద రష్యా, అమెరికా రెండూ కస్సుబుస్సుమంటూనే ఉన్నాయి. పైనేమో వాళ్ళ మనుషులు ఒకే బల్ల దగ్గర చేరి తింటున్నారు.

"దే ఈట్ టుగెదర్ అప్ దేర్, లైక్! సో హూ వన్, అమ్మా?" అంది, ఇంతకీ గెలిచిందెవరని.

"ఏమో తల్లీ" అన్నాను.

ఇప్పటి పిల్లలకి అట్టల గొడవే లేదు, అన్నీ ట్యాబులే... మీరు ఎవరి పక్షం ఆ రోజుల్లో? ఎవరితోనైనా పంతానికి పోయి వాళ్ళనే పోగొట్టుకున్నారా? చెప్పండి.

ఉషా... ఇది నీ కంటపడితే... ఆ సిరా పోసింది నేనేనే.