గాఫర్ దిద్దిన రెజ్యూమే

ఆస్ట్రేలియాలోని పెర్త్ శివారు హారిస్‌డేల్‌లో మా ఫుట్‌బాల్ క్లబ్బుకి నేను సెక్రటరీని. పనులు మూడు: మైదానం బుక్ చెయ్యడం, ఆటగాళ్ల రిజిస్ట్రేషన్లు చూడడం, మీటింగుల్లో మినిట్స్ రాయడం. పోయిన సీజన్ చివర్లో నాలుగోది వచ్చి పడింది. మా మేనేజర్‌నే ఉంచాలా, కోచింగ్ పరీక్ష పాసై లైసెన్సున్న కుర్ర కోచ్‌ని తెచ్చుకోవాలా అని కమిటీ ఓటు పెట్టదలచింది. ఆయన ఆట చరిత్ర ఒక పేజీలో రాసిమ్మని నాకు చెప్పారు.

ఆయన స్కాట్లండ్ మనిషి. అరవై దాటాయి. జట్టంతా గాఫర్ అంటారు, వాళ్ల భాషలో బాస్ అన్నమాట; నేను అంకుల్ అంటాను. ఆయన ఇంగ్లీషు నాకు మూడో వారానికి గాని అర్థం కాలేదు. వివరాలు అడిగితే ఎవరింట్లోనో టైల్స్ పరుస్తూనే చెప్పారు. పదిహేడేళ్లకి పెద్ద క్లబ్బు. పై డివిజన్‌లో పదకొండు మ్యాచ్‌లు. మోకాలి ఆపరేషన్. కింది డివిజన్‌లో ఐదేళ్లు. తర్వాత పెర్త్: పగలు టైల్స్ పని, సాయంత్రం మా క్లబ్బు. మొదట ఆటగాడిగా, ఆపైన మేనేజర్‌గా.

ఇంటికొచ్చి టైప్ చేస్తే అర పేజీ కూడా నిండలేదు. నా రూమ్మేట్‌ది గుంటూరు. ఇక్కడి తెలుగువాళ్లలో సగం మంది రెజ్యూమేలు వాడి చేతిమీదుగా పోయినవే.

"పదకొండేంట్రా? వందకు పైగా అని కొట్టు. నేషనల్ టీమ్ క్యాంప్ కూడా తగిలించు."

"అబద్ధం కదరా?"

"రెజ్యూమే రా బాబూ అది, అఫిడవిట్ కాదు. నీ రెజ్యూమేలో ఐదేళ్ల ఎక్స్‌పీరియన్స్ ఎక్కణ్ణుంచొచ్చిందో చెప్పనా?"

వాడు చెప్పినట్టే టైప్ చేశాను.

మర్నాడు కాగితం అంకుల్‌కి చూపిస్తే, ఆయన చెవి మీది పెన్సిల్ తీసి, చదువుతూ చదువుతూ ఏడు వరుసల్లో నాలుగు కొట్టేశారు. వందని పదకొండు చేశారు. అడుగున తన చేత్తో ఇంకో వరుస చేర్చారు: 'క్లబ్బు రెండుసార్లు కింది లీగ్‌కి పడిపోయింది. రెండుసార్లూ తప్పు నాదే.'

"అంకుల్, ఇది చదివితే మిమ్మల్ని ఉంచరు."

"పోనీవోయ్. ఆ వంద మ్యాచ్‌లు ఆడినవాడెవడో వెతికి తెచ్చుకోమను. ఈ కాగితమే ఇవ్వు, మళ్లీ టైప్ చేశావో, చూడు!"

అదే ఇచ్చాను. మీటింగులో ప్రెసిడెంట్ పైకి చదివాడు. ఆఖరి వరుస వినగానే, ఒకప్పటి మా గోల్‌కీపర్, ఇప్పుడు కమిటీ సభ్యుడు, లేచి నిలబడ్డాడు.

"రెండోసారి తప్పు ఆయనది కాదు. ఆఖరి మ్యాచ్‌లో బంతి నా కాళ్ల సందులోంచి పోయింది. ఆ రోజు నన్ను ఒక్క మాట అనలేదు. ఇన్నేళ్లూ తన మీదే వేసుకున్నాడా?"



"మరి ఆయనకి లైసెన్సు లేదుగా?" అన్నాడు ప్రెసిడెంట్.

"పరీక్షకి నేను చదివిస్తాను" అన్నాను. ఎవరూ అడగలేదు.

ఏడుగురు సభ్యులు. ఆయన్ని ఉంచాలనేవాళ్లు చెయ్యెత్తమన్నారు. లెక్కపెట్టి మినిట్స్‌లో ఐదు అని రాశాను. రాశాక చూసుకుంటే ఐదో చెయ్యి నాదే. సెక్రటరీకి ఓటు లేదు. కొట్టేసి నాలుగు అని దిద్దాను.

నాలుగు చాలు. బయట మైదానంలో ప్లాస్టిక్ కోన్‌లు ఏరుతున్న ఆయనకి ఆ మాట చెప్పే పని నాకే ఇమ్మని అడిగి పుచ్చుకున్నాను.