దాచిపెట్టిన డ్రైవ్

కంప్యూటర్లు బాగుచేసే ఆమెకు వీధివాళ్ళు పెట్టిన పేరు చిటపట. ఆ రోజు అక్క మొగుడు తన కంప్యూటర్ మోసుకొచ్చి, కొట్టులో నలుగురి ముందూ నోరు పారేసుకున్నాడు.

"చవక డ్రైవే చాలన్నావు, కొన్నాను. గేమ్ తెరుచుకునేలోపు కాఫీ తాగి రావచ్చు. సొంత మరదలివి, నాకే టోపీ పెడతావా?"

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. గేములు త్వరగా తెరుచుకోవడానికి రంగురంగుల లైట్లున్న ఖరీదైన ఎస్‌ఎస్‌డీ డ్రైవ్ మీద ఆయన మనసు పడితే, లైట్లతో ఆట వేగం పెరగదని నచ్చజెప్పి, లాభం వదులుకుని మరీ ఈ మామూలుది ఇచ్చింది. కంప్యూటర్ ఆన్ చేసి చూసింది. గేమ్ నెమ్మదిగా నడిచే పాత హార్డ్ డిస్క్‌లోనే ఉంది. కొత్త డ్రైవ్ మొత్తం ఖాళీ.

"ఇందులో ఏమీ ఎక్కించలేదేం బావా?"

"కొత్తది కదా, వాడితే అరిగిపోతుందని దాచాను."

"కొత్త చెప్పులు చంకలో పెట్టుకుని, కాళ్ళు కాలుతున్నాయని అమ్మినవాళ్ళను తిడతావా?"

గేమ్‌ని కొత్త డ్రైవ్‌లోకి మార్చి నొక్కింది. ఇట్టే తెరుచుకుంది.

"ఇందాక నలుగురి ముందు అన్న మాట, ఈ నలుగురి ముందే వెనక్కి తీసుకో."

ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "ఇంటికొచ్చినప్పుడు చెప్తాలే."

"ఏం బావా, క్షమాపణ కూడా వాడితే అరిగిపోతుందా?"