చింపిచెవి రెండో కొమ్ము

సిల్వాష్ గ్రామంలో వెండెల్‌ని ప్రేమించే మనిషి ఒక్కతే, అతని పెళ్ళాం ఇలుష్. ఆవిడ కూడా రోజూ ప్రేమించేది కాదు, ఓపిక ఉన్న రోజునే. మిగిలిన ఊరు అతన్ని చూసి భయపడేది. ఎదురుపడితే టోపీ ఎత్తి పలకరించేది, అటు తిరగ్గానే నోటికొచ్చినట్టు తిట్టుకునేది. వెండెల్‌కి రెండూ తెలుసు. మొదటిది చాలు అతనికి.

జెలిత్స్ కొండల్లో వేట సంఘం వారి అడవికి అతను కాపలాదారు. మీసాలు నల్లగా ఉన్నప్పుడు చేరాడు, ఇప్పుడవి తెల్లబడ్డాయి. మృగాల దగ్గర ఆ మనిషి వెన్న. చలికాలం మంచులో భుజాన ఎండుగడ్డి మోసుకెళ్ళి, అవి తిన్నంతసేపూ చెట్టు చాటున నిలబడి చూసి, పిల్లల్ని బడికి పంపిన తల్లిలాగా వెనక్కి వచ్చేవాడు. మనుషుల దగ్గరకు వచ్చేసరికి ఆ వెన్న ఏమైపోయేదో తెలియదు. ముఖ్యంగా కొమ్ము దొంగల దగ్గర.

చలి వెనకపట్టు పట్టే రోజుల్లో మగ దుప్పులు కొమ్ములు రాలుస్తాయి. రాలిన కొమ్ము సంఘానికి చెందుతుంది. కానీ కత్తి పిడులకీ, గోడ దీపాలకీ కొమ్ములు కొనేవాళ్ళు ఉన్నంతకాలం దొంగలూ ఉంటారు. నేల మీద పడ్డది ఏరుకుపోయే దొంగని వెండెల్ దొంగ అనే అనేవాడు. రాలకముందే రాల్చుదామని కుక్కలతో, మోటారు సైకిళ్ళతో మందను చిట్టడవిలోకి తరిమేవాడికి మాత్రం అతని దగ్గర పేరే లేదు. అలా తరిమినప్పుడు చూలు దుప్పులు చెట్లకి పొట్టలు కొట్టుకుని నెలలు నిండకుండానే ఈనుతాయి. ఒక ఏడాది వాగు ఒడ్డున ఒక ఆడ దుప్పి సగం ఈని చచ్చి ఉండగా చూశాడు. పిల్ల తల మాత్రం బయట ఉంది. ఆ రోజు నుంచే వెండెల్ పోలీసుల్ని పిలవడం మానేశాడు.

"వాళ్ళిచ్చేది రసీదు. నేనిచ్చేది జ్ఞాపకం," అనేవాడు.

ఆ జ్ఞాపకం ఎలా ఉండేదంటే, దొరికినవాడి బూట్లు, మేజోళ్ళు ఊడబెరికేవాడు. అకేషియా చెట్ల తోపులోంచి, వేలెడు ముళ్ళ మీద నడిపించేవాడు. తోపు దాటాక ఊరి పెద్ద వీధి. అక్కడ దొరికిన కొమ్మును వాడి చేతికిచ్చి, మొదలు నుదుటికి గట్టిగా ఆనించుకుని, మొలిచినట్టు పట్టుకుని నడవమనేవాడు. చేయి దించితే వెనక నుంచి తుపాకీ మడమతో నడుం మీద ఒకటి పడేది. సారా దుకాణం ముందు ఆగి నమస్కారం పెట్టించేవాడు. తిట్టుకునే ఊరే ఆ రోజు గేట్ల దగ్గరికి వచ్చి నవ్వేది. నాకు తెలిసి ఒక్కరూ తలుపు వేసుకోలేదు.

దొంగల తెలివి కూడా తక్కువదేం కాదు. ఒంటి కొమ్ము కంటే జతకి విలువ ఎక్కువ. అందుకని జత దొరికితే ఒకటి ఆకుల కింద దాచి, ఒకటే పట్టుకుని బయటికొస్తారు. పట్టుబడితే పోయేది ఒక్కటే. మర్నాడు వచ్చి రెండోది తీసుకుపోతారు. ఇది వెండెల్‌కి కంఠతా వచ్చు. ఒంటి కొమ్ముతో దొరికిన ఎవడినైనా మొట్టమొదట అడిగే ప్రశ్న ఒకటే, "రెండోదేదిరా?"

అడవిలో అన్ని దుప్పులూ ఒక ఎత్తు, చింపిచెవి ఒక ఎత్తు. పిల్లగా ఉన్నప్పుడే కుక్క పళ్ళలో ఎడమ చెవి చీలిపోయింది, ఆ గుర్తుతోనే పెరిగి ఆ కొండలకు రాజయింది. అది ఏటా రాల్చిన కొమ్ముల జతలు వెండెల్ ఇంటి గోడ మీద వరసగా ఉండేవి, ఏటికేడు పెద్దవవుతూ. సంఘానికి జర్మనీ నుంచి వచ్చే వేటగాళ్ళు దాని కోసం నోరూరించుకునేవారు. వెండెల్ వాళ్ళని ఎప్పుడూ అది లేని వైపుకే తీసుకెళ్ళేవాడు. అది ముసలిదై, ఏ చెట్టు కిందో నిద్రలో పోవాలని అతని కోరిక. తన గురించి కూడా అంత గొప్ప చావు కోరుకోలేదు. పిల్లల్లేని మనిషి. ఆ దుప్పి అంటే అతనికి ప్రాణం, ఆ మాట అనడానికి నాకు మొహమాటం లేదు.

ఆ మార్చి ఉదయం నేల మీద మంచు ఇంకా కరగలేదు. తోపు అంచున దెజో ఎదురయ్యాడు.

దెజో పక్క ఊరివాడు. కోత మిల్లు మూతపడ్డాక చేతికందిన పనల్లా చేశాడు, అందని వాటికి అబద్ధాలు ఆడాడు. ఒకే కుక్కను రెండు ఊళ్ళలో అమ్మిన ఘనుడు. వాడు "ఇవాళ ఆదివారం" అంటే కూడా జనం ఇంటికెళ్ళి క్యాలెండర్ చూసుకునేవారు. అలాంటివాడు, చంకలో ఒక కొమ్ముతో, రోడ్డు వైపు కాకుండా ఊరి వైపే వగరుస్తూ వస్తున్నాడు. ఆ కొమ్ము ఎవరిదో వెండెల్‌కి దూరం నుంచే తెలిసిపోయింది. గోడ మీది జతలన్నిటికీ అది తమ్ముడు.

"మామా," అన్నాడు దెజో, పారిపోకుండా. "నీకోసమే వస్తున్నా. కటింగ్ ప్లేయర్ తీసుకురా, బేగి."

"అలాగే. కాఫీ కూడా పెట్టించనా?" అన్నాడు వెండెల్ తుపాకీ దించి. "రెండోదేదిరా?"

"దాని నెత్తి మీదే ఉంది మామా."

వెండెల్‌కి ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళలో ఎంతమంది ఎన్ని చెప్పారో, ఇంత పొగరుగా ఎవడూ చెప్పలేదు. చెంప మీద ఒకటి కొట్టాడు. దెజో నోట్లో మొదటే ఊగుతున్న పన్ను ఒకటి ఊడి మంచులో పడింది.

"ఒట్టు మామా. పాత రేగుతోట కంచెలో ఇరుక్కుంది. వెనక కాళ్ళు తీగలో చుట్టుకున్నాయి. బతికే ఉంది. నా వల్ల కాలేదు, ఇదిగో చూడు చేతులు."

అరచేతులు నిజంగానే చీరుకుపోయి ఉన్నాయి.

"ముళ్ళలో దాచావన్నమాట," అన్నాడు వెండెల్. "ఏ పొదో చెప్పు. బూట్లు నీకే ఉంచుతా."

"పొదా లేదు, గిదా లేదు. దాన్ని నేను తరమలేదు మామా. పొద్దున్న వచ్చేసరికే అలా ఉంది. ఇది పక్కన పడి ఉంటే తీసుకున్నా. అది తప్పే, ఒప్పుకుంటా. ముందు నువ్వు వెళ్ళు. నన్ను తర్వాత తన్నుకో, ఎక్కడికీ పోను."

"నిన్నిక్కడ వదిలి నేను తోటకి పోతే, నువ్వు రెండోది తీసుకుని చెక్కేస్తావు. నా చెవిలో పువ్వు కనపడుతోందా నీకు? బూట్లు విప్పు."

దెజో జన్మలో మొదటిసారి నిజం చెప్పాడు, అదీ వెండెల్‌తో. ఏం ప్రాప్తమో. వాడు ఎంత బతిమాలితే వెండెల్ గుండె అంత రాయి అయింది. ఇంతగా గోల పెడుతున్నాడంటే రెండో కొమ్ము ఎంత పెద్దదో అనుకున్నాడు.

తోపు దాటేసరికి దెజో కాళ్ళ వెనక మంచు ఎర్రబడింది. ఊరి మొదట్లో వెండెల్ కొమ్మును వాడి నుదుటికి ఆనించి, "పట్టుకో. బాగా నొక్కు. మొలిచినట్టుండాలి," అన్నాడు. నుదుటి మీదుగా కారిన నెత్తురు చూసి, ముళ్ళు గీరుకున్నాయి కాబోలు అనుకున్నారందరూ.

సారా దుకాణం మెట్ల మీద బొరిష్కా నిలబడి ఉంది. దుకాణం ఆవిడదే, నోరు కూడా ఆవిడదే.

"ఏం దెజో, పెళ్ళాం ఎవడితోనైనా లేచిపోయిందా? ఒకటే మొలిచిందే," అంది. పెళ్ళాం చెయ్యి జారితే మొగుడికి కొమ్ములు మొలుస్తాయని ఆ కొండల్లో సామెత.

"బొరిష్కా అక్కా, నువ్వయినా చెప్పు ఆయనకి. రెండోది దుప్పి నెత్తి మీదే ఉంది. తీగలో కొట్టుకుంటోంది పాపం."

మెట్ల మీదివాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వారు. ఆ మాట దెజో కంటే ముందు పరిగెత్తింది. పై గేటు దగ్గర ముసలాళ్ళు అప్పుడే పాట కట్టి, "రెండోదేదిరా?" అని ఒకడంటే "దాని నెత్తి మీదే మామా" అని ఇంకొకడు అందుకుంటున్నాడు. దెజో ప్రతి గేటు దగ్గరా ఆగి అదే చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ నడుం మీద తుపాకీ మడమ పడింది. చర్చి దగ్గరకొచ్చేసరికి వాడికి గొంతు పోయింది. అప్పుడు వెండెల్ కొమ్ము తీసుకుని, బూట్లు తనదగ్గరే ఉంచుకుని, "పో. రేపు ఆ పొదలన్నీ నేనే వెతుక్కుంటా," అన్నాడు.

దెజో వెళ్ళలేదు. చర్చి అరుగు మీద కూలబడి, పాదాలు చేతుల్లో పట్టుకుని ఏడ్చాడు. "చచ్చిపోతుంది మామా," అన్నాడు.

వెండెల్ ఇంటికొచ్చేసరికి ఇలుష్ చిక్కుడుగింజల పులుసు వడ్డించింది. పొగపెట్టిన మాంసం ముక్కలు వేసి, పైన చిక్కటి పెరుగు వేసింది. అతను ఆకలి మీద రెండుసార్లు వడ్డించుకున్నాడు. వీధిలో జరిగింది చెప్పి తనే నవ్వుకున్నాడు. ఇలుష్ నవ్వలేదు.

"వాడి చేతులెందుకు చీరుకున్నాయి?" అంది.

"నువ్వు కూడా మొదలెట్టకు."

భోజనం అయ్యాక కొమ్మును గోడ మీద తగిలించే ముందు తడి గుడ్డతో తుడుద్దామని తీసుకున్నాడు. కొనల నుంచి మొదలుపెట్టి కిందికి తుడుస్తూ వచ్చాడు. పొద్దుటి నుంచి దాని మొదలు దెజో చంకలో ఉంది, తర్వాత దెజో నుదుటి మీద ఉంది. వెండెల్ దాన్ని తిప్పి చూడటం అదే మొదటిసారి.

రాలిన కొమ్ముకి మొదలు గుండ్రంగా, గరుగ్గా, శుభ్రంగా ఉంటుంది. దీనికి పుర్రె పెంకు ముక్క అంటుకుని ఉంది. దానికి తోలు, తోలుకి వెంట్రుకలు. ఇది రాలలేదు, విరిగి ఊడింది. బతికున్న దుప్పి తల తీగకేసి బాదుకుంటే తప్ప ఇలా ఊడదు. పసిపిల్లాడికి చూపించినా చెప్పేవాడు. తిప్పైనా చూడకుండా దాన్ని వాడి నుదుటికి నొక్కించింది తనే.

జీపు తీసుకుని ఎలా వెళ్ళాడో అతనికే గుర్తులేదు. గూటిలోంచి కటింగ్ ప్లేయర్ లాక్కుని పరిగెత్తాడు. తుపాకీ తీసుకోవాలని తోచలేదు. కాపాడటానికి వెళ్ళేవాడికి తుపాకీ ఎందుకు తోస్తుంది?

చింపిచెవి ఇంకా బతికే ఉంది. కంచె కింద నేల దున్నినట్టయింది. వెనక కాళ్ళు రెండూ తీగలో మెలిపడి, ఎముకలు విరిగి, తోలు పట్టుకుని వేలాడుతున్నాయి. పొద్దున్న ఈ కాళ్ళు ఇలా ఉండి ఉండవని చుట్టూ నేల చూస్తేనే తెలుస్తోంది. పొద్దున్న రేగిన మట్టి పైపొర ఎండింది, ఇప్పటిదాకా తన్నుకున్న కింద గుంట ఇంకా తడిగా ఉంది. తను వీధిలో ఊరేగింపు జరిపినంతసేపూ, రెండోసారి పులుసు వడ్డించుకున్నంతసేపూ ఇది తన్నుకుంటూనే ఉంది. మిగిలిన ఒక్క కొమ్ముతో తల ఒక పక్కకి వాలిపోయింది. కళ్ళకి ఎవరో ఉన్ని మఫ్లర్ కట్టారు. భయపడిన మృగం కళ్ళు మూస్తే శాంతిస్తుందని ఎరిగినవాడెవడో కట్టిన కట్టు అది. తీగ మెలికల్లో అక్కడక్కడ మనిషి నెత్తురు ఉంది.

"వచ్చాను నాన్నా," అన్నాడు వెండెల్. గొంతు గుర్తుపట్టి అది చెవి కదిపింది, చినిగిన చెవి.

తీగ కత్తిరించి ప్రయోజనం లేదు. తుపాకీ ఇంట్లో ఉంది. నడుముకి కత్తి ఒక్కటే ఉంది. వెనక మెడ మీద, తల కలిసే చోట వేళ్ళతో వెతికాడు. మఫ్లర్ విప్పలేదు. దాని కళ్ళలోకి చూసే ధైర్యం లేకపోయింది. మొదటి పోటు తప్పింది. అది మేకపిల్లలా అరిచింది. రెండో పోటు తప్పలేదు. తర్వాత అతను ఆ మెడ మీద తల పెట్టి, వెచ్చదనం పోయేదాకా, నోరు తెరిచి ఏడ్చాడు.

అంత పెద్ద దుప్పి పోతే సంఘానికి చెప్పి తీరాలి. సాయంత్రానికి అధ్యక్షుడు తిహమేర్ గారు ఇద్దరు సభ్యులతో వచ్చాడు. పట్నంలో మందుల దుకాణం ఆయనది. మర్యాదస్తుడు. కంచె చూశాడు, కాళ్ళు చూశాడు, మఫ్లర్ చేతిలోకి తీసుకున్నాడు.

"ఇదెవరిది వెండెల్?"

ఎప్పుడైనా చెప్పదగ్గ మాట ఒకటి ఉంటే అది అప్పుడే చెప్పాలి. వెండెల్‌కి ఆ మాట నాలుక మీదే ఉంది. వాడు పొద్దున్నే నాతో చెప్పాడండీ, నేను వినలేదండీ అంటే సరిపోయేది. అతను తిహమేర్ గారి బూట్ల వంక చూశాడు.

"దెజోదండీ."

"వాడేనా తరిమింది?"

"ఇంకెవరండీ."

"వెధవ," అన్నాడు తిహమేర్ గారు. అక్కడి నుంచే పోలీసులకి ఫోన్ చేశాడు. ఒక సభ్యుడు మఫ్లర్‌ని సాక్ష్యానికని సంచిలో పెట్టాడు. దెజో ఇంకా చర్చి అరుగు మీదే ఉన్నాడని, నడవలేకపోతున్నాడని, అందుకే పట్టుకోవడం తేలికైందని కాసేపటికి పోలీసులే ఫోన్ చేసి చెప్పారు. రెండోది దాని నెత్తి మీదే ఉందని వాళ్ళతోనూ అంటున్నాడట. ఫోన్లో నవ్వు వినపడింది.

తర్వాత పోయిన మృగానికి చేయవలసిన మర్యాద చేశారు. అందరూ టోపీలు తీశారు. తిహమేర్ గారు ఓక్ కొమ్మ ఒకటి విరిచి, చివరి మేతగా చింపిచెవి నోట్లో ఒక రెమ్మ పెట్టాడు. మిగిలిన రెమ్మను గాయం నెత్తురులో అద్దాడు. అది మృగాన్ని పడగొట్టినవాడి టోపీకి పెట్టాలి. ఆ కొండల్లో వేటగాడికి అంతకు మించిన గౌరవం లేదు.

ఆయన ఆ రెమ్మ పట్టుకుని ఒక్క క్షణం ఆలోచించాడు. వెండెల్ ఎర్రబడిన కళ్ళు చూసి జాలిపడ్డాడు.

"నువ్వే కదా దాన్ని పడగొట్టావు," అన్నాడు మెల్లగా. "ఇది నీదే."

వెండెల్ టోపీ చేతిలో ఉంది. తిహమేర్ గారు రెమ్మను దానికి గుచ్చి, కుడి చేయి చాపి, అభినందనలు చెప్పాడు. తక్కిన ఇద్దరూ వరసగా చేయి కలిపారు. అలవాటు ప్రకారం ఒక్కొక్కరికీ జవాబు చెప్పాలి. వెండెల్ ఒక్కొక్కరికీ, "సంతోషం," అని చెప్పాడు.