మా మేడమ్ కొట్టేయనన్న పేర్లు

మా స్టాటిస్టిక్స్ మేడమ్ పోయిన ఆదివారం పొద్దున చనిపోయింది. ఆ సంగతి పాత విద్యార్థుల గ్రూపులో మా కాలేజీ పెట్టిన సంతాప ప్రకటన చూసి తెలుసుకున్నాను. ఫొటో కింద ‘మా కుటుంబ సభ్యురాలు’ అని రాశారు. ఏడుపు కంటే ముందు నాకు ఒళ్లు మండింది. ఆమెను బయటికి పంపింది వాళ్లే.

అడవి దారిలో ఉన్న మా ఇంజనీరింగ్ కాలేజీలో, కంప్యూటర్ సైన్స్ రెండో ఏడాది ఆమె మాకు పాఠం చెప్పింది. మాకు ఆ సబ్జెక్టంటే చులకన. “ఒక్క లైను కోడ్ రాస్తే సగటు వస్తది కద మేడమ్, ఈ చుక్కలెందుకు?” అనేవాళ్లం. ఆమె ప్రతి అంకెకూ బోర్డు మీద ఒక చుక్క పెట్టేది. “ముందు కండ్లతో చూసి చెప్పండి. మిషన్ను తర్వాత అడుగుదాం” అనేది. సుద్దపొడి మోచేతి దాకా అంటుకునేది.

ఒకసారి మా కాలేజీ మీదుగా చర్ల ఊరికి పోయే బస్సు రోజూ ఎంత లేటవుతుందో నెల రోజులు రాసుకురమ్మంది. నా ప్రోగ్రాం సగటు చక్కగా చూపించింది.

“ఈ ఖాళీ గళ్లు ఏం చేసినవ్?” అని అడిగింది.

“ఆ రోజుల్ల బస్సే రాలే మేడమ్. ఎర్రర్ వస్తుందని తీసేసిన.”

“బస్సు రాలే. మనుషులు రాలేదా? పిల్లను చంకనేసుకొని పొద్దంత నిలబడ్డామె నీకు ఎర్రరా?”

క్లాసు నవ్వింది. ఆమె నవ్వలేదు. నాకు స్టాటిస్టిక్స్ ఆ రోజు మొదలైంది.

నాలుగో ఏడాదిలో, అడ్మిషన్ల కరపత్రం కోసం మా బ్యాచ్ ఉద్యోగాల లెక్క వేయమని ఆమెకు అప్పజెప్పారు. ఉద్యోగం రానివాళ్లను ‘ఆసక్తి లేనివారు’ అని రాసి జాబితాలోంచి కొట్టేయమన్నారు. వాళ్లలో ఎక్కువమంది అడవి ఊళ్ల పిల్లలు. ప్రతి ఇంటర్వ్యూకూ ఇస్త్రీ బట్టలేసుకొని వచ్చి కూర్చున్నవాళ్లు! సంతకం కోసం వెళ్లిన నేను ఆఫీసులోనే ఉన్నాను.

“ఆసక్తి లేదని ఎవరు చెప్పిండ్రు సార్? నేను ఒక్క పేరు కూడ కొట్టెయ్య” అంది మేడమ్.

“మీరు కాంట్రాక్టు మీద ఉన్నరమ్మా, యాదుంచుకోండి” అన్నాడు ప్రిన్సిపాల్.

“అవ్ సార్, యాదుంది” అని కాగితం బల్ల మీద పెట్టి వచ్చేసింది.

ఆ లెక్క ఇంకెవరో వేశారు. వేసవి సెలవుల తర్వాత ఆమెను రావద్దన్నారు. ఉద్యోగం వచ్చినవాళ్ల వరసలో నవ్వుతున్న నా ఫొటో కరపత్రంలో అచ్చయింది. నేను నోరెత్తలేదు.

చాన్నాళ్లకు సిగ్గుపడుతూ ఫోన్ చేశాను. అప్పటికి జబ్బు ముదిరి ఆమె గొంతు సన్నబడింది. “నీ మీద కోపమెందుకురా? భయపడ్డవ్, గంతే. ఇంకోసారి భయపడకు” అంది.

అందుకే ఆదివారం ఆ సంతాపం కిందే రాశాను: ‘ఆమెను ఎందుకు తీసేశారో కూడా రాయండి.’ చావు దగ్గర గొడవెందుకని ఎవరో జవాబిచ్చారు. గంట తిరక్కుండానే నన్ను గ్రూపులోంచి తీసేశారు. మిగిలినవాళ్లు చేతులు జోడించిన బొమ్మలు పెట్టుకున్నారట.

సోమవారం పాల్వంచ సమాధుల తోటకు వెళ్లాను. ఒకటే వాన. కాలేజీ నుంచి పూలదండ వచ్చింది, మనిషి రాలేదు. పాస్టరు ప్రార్థన చేస్తున్నంత సేపూ ఆమె భర్త తాను తడుస్తూ పెట్టె మీద గొడుగు పట్టాడు. పెట్టెను గోతిలోకి దించారు. ఎవరో “ఇంక చాలన్నా” అన్నారు. ఆయన గొడుగు ముడవలేదు. ఇంకొంచెం వంగి, గోతి మీద పట్టాడు.