గేటు బయట మూడు శనివారాలు

పోలీసు జీపుకు నెలకు నాలుగు పంక్చర్లు పడతాయా? మా మేనకోడలు ఫుమేజా జీపుకు పడ్డాయి. కొమానీ రోడ్డు మీద పంక్చర్ షాపు నడిపేది వుయెల్వా మరి. ఇద్దరాడవాళ్లు ప్రేమించుకున్న ఆ సంగతిని ఊరు ఏడాది పాటు నమిలింది. నేను చెప్పేది ఆ తర్వాతి కథ.

తల్లి పోయాక ఫుమేజాను పెంచింది నేనే. పదేళ్లకే చెవి గాటు చూసి తప్పిపోయిన గొర్రె ఎవరిదో చెప్పేసేది. ఇప్పుడు పశువుల దొంగలను పట్టే సార్జెంటు. వట్టి మొండిఘటం. పోయిన చలికాలం ఒక వితంతువు మంద మొత్తం మాయమైతే, వారం తిరక్కుండా దొంగను పట్టింది. వాడెవడనుకున్నారు? లువుయో. వుయెల్వా సొంత తమ్ముడు.

కేసు నడుస్తుండగానే నన్ను ఆ ఇంటికి పిల్లనడగడానికి పంపింది. నా ఖర్మ కాకపోతే ఏమిటి? మా ఆచారం ప్రకారం అడగవచ్చినవాళ్లం గేటు బయట నిలబడి మా వంశం పేరు అరవాలి. వాళ్లు తీసేదాకా కదలకూడదు. అడిగించిన మనిషి మాత్రం ఆ చుట్టుపక్కల కనపడకూడదు.

మొదటి శనివారం కుక్క ఒక్కటే పలికింది. రెండో శనివారం వుయెల్వా తండ్రి జ్వెలిబాంజీ గేటు దాకా వచ్చాడు కానీ గడియ తీయలేదు.

"మీ పిల్లని ఆ కేసు ఫైలు పోగొట్టమను. ఫైళ్లు పోతూనే ఉంటాయిగా. పోయిన రోజు గేటు తీస్తా."

నేరుగా పంక్చర్ షాపుకు వెళ్లాను. ఇద్దరూ అక్కడే ఉన్నారు.

"పోగొట్టెయ్యవే తల్లీ, ఒక్క ఫైలేగా. నా మోకాళ్లు పోతున్నాయి" అన్నాను. ఆ మాట అన్నందుకు ఈ రోజుకీ సిగ్గుపడుతున్నాను.

వుయెల్వా టైరు కింద పడేసింది. "మామయ్యా, తను ఆ ఫైలు పోగొడితే గేటు తీసినా నేను తన వెంట రాను."

ఫుమేజా యూనిఫాం చేతితోనే ఆ పిల్ల చెంపకున్న మసి తుడిచింది. అప్పుడు దాని కళ్లలో ప్రేమ కనిపించింది.

"విన్నావుగా మామయ్యా. శనివారం మళ్లీ వెళ్లు. నేను చెప్పింది చెప్పినట్టు చెప్పు."

మూడో శనివారం వాన. కప్పుకున్న దుప్పటి తడిసి ముద్దయింది.

"ఫైలు పోయిందా?" అన్నాడు జ్వెలిబాంజీ.

"పోలేదు. సోమవారం కోర్టులో సాక్ష్యం చెబుతుంది. ఇంకో మాట కూడా చెప్పమంది. ఇవాళ మీ మాట విని మీ కొడుకు ఫైలు పోగొట్టే మనిషి, రేపు ఇంకొకరి మాట విని మీ కూతుర్ని వదిలేస్తుందట. అలాంటిదానికి పిల్లనిస్తారా అని అడగమంది."

ఆయన మొహం మీది వాన తుడుచుకున్నాడు. తర్వాత గడియ తీశాడు.

లోపల కూర్చోబెట్టి, పిల్లనడగొచ్చినవాళ్లకు ఆచారంగా వేసే జరిమానాలు మొదలుపెట్టాడు. "గొంతు లేనివాణ్ణి పంపినందుకు ఒక బ్రాందీ సీసా. నా కొడుక్కి బేడీలు వేసినందుకు ఇంకోటి."

"మరి ఫైలు పోగొట్టనన్నందుకో?" అన్నాను, ఒళ్లు మండి.

ఆయన కిటికీలోంచి రోడ్డు అవతల ఆ వితంతువు ఖాళీ దొడ్డి వైపు చూశాడు.

"దానికి జరిమానా లేదు. సోమవారం నేనూ కోర్టుకొస్తా. గట్టిగా చెప్పమను, నాకు చెవులు సరిగ్గా వినపడవు."