మామగారి చెవి, బాన్సురీ కచేరీ

మొన్న విస్సన్నపేటలో షేర్ ఆటో ఎక్కితే, నా పక్కన నిమ్మకాయల సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్న పెద్దాయన ఫోను మోగింది. రింగుటోను బాన్సురీ, అంటే హిందుస్తానీ వాళ్లు వాయించే వెదురు వేణువు. ఆటోలో అందరం విన్నాం, డ్రైవరు కూడా వెనక్కి తిరిగి చూశాడు. ఆయన మాత్రం మామిడితోటలకేసి చూస్తూ హాయిగా కూర్చున్నాడు. నేను భుజం తట్టి "ఫోనండీ!" అని ఒక్క అరుపు అరిచాను. అరిచాక నాకే నవ్వొచ్చింది. అంత గొంతు నాకు మా మామగారి పుణ్యమా అని వచ్చింది.

మా మామగారు తిరువూరులో నలభై ఏళ్లు రైసుమిల్లు నడిపారు. మిల్లు అమ్మేశాం గానీ, దాని మోత పట్టుకుపోయిన చెవులు మాత్రం వెనక్కి రాలేదు. మా ఇంట్లో రహస్యాలంటూ ఉండేవి కావు. "మామయ్యగారూ, కాకరకాయ వేపుడు చేయనా, పులుసు పెట్టనా?" అని నేనడిగితే ఎదురింటావిడ "వేపుడే చెయ్యమ్మా" అనేది. చెవిమిషను కొన్నాం. కొంత మేలే, కానీ కాస్త వదులైతే చాలు, కీ... మని కూసేది. ఆ కూత ఆయనకి తప్ప అందరికీ వినపడేది.

అలాంటి మనిషికి డెబ్బై తొమ్మిదో ఏట బాన్సురీ పిచ్చి పట్టుకుంది. పూణేలో ఉండే మా ఆడపడుచు, వాళ్ల పక్కింట్లో ఉండే విద్వాంసుడు వాయించింది ఫోన్లో పంపింది. హిందుస్తానీ సంగీతం మా ఇంటా వంటా లేదు. ఈయన ఫోను చెవికి ఆనించుకుని అరగంట కదల్లేదు. "ఇది వినపడుతోందమ్మాయ్," అన్నారు నాతో, ఆశ్చర్యంగా. "మీరు అరిచినా సగమే అందుతుంది. ఇది మెల్లిగా వస్తోంది, అయినా అందుతోంది." పొడుగాటి వేణువు మంద్రస్వరాలు ఆయనకి మిగిలిన ఆ కాస్త వినికిడిలో పడ్డాయన్నమాట. ఇక రోజూ అదే. ఏడాది తిరిగేసరికి అదీ తగ్గుతోందని ఆయనకి తెలిసిపోయింది. సౌండు చివరికంటా పెట్టి, ఇంకా పెరుగుతుందేమోనని బటన్ నొక్కుతూనే ఉండటం నేను చూశాను.

ఎనభై దాటాక సహస్ర చంద్ర దర్శనం చేయిద్దామన్నారు మా ఆయన. "హోమం పొగకి కళ్లు కూడా పోతాయిరా! ఆ పూణే వేణువాయన్ని పిలిచి కచేరీ పెట్టించండి. ఇంకో ఏడాది ఆగితే నాకు పనికిరాదు," అన్నారు మామగారు. మా ఆడపడుచు అడిగితే, విజయవాడ కచేరీకి వస్తున్న ఆ విద్వాంసుడు ఒక ఆదివారం సాయంత్రం మాకిస్తానన్నాడు. మామగారు స్వయంగా ఎ.కొండూరు దాకా తిరిగి పిలుపులు చేశారు. పిలిచిన ప్రతి ఇంట్లోనూ "టిఫిను కూడా ఉంది" అని గట్టిగానే చెప్పారు. అందుకని కల్యాణమండపం నిండింది.

ముందుగా తబలా ఆయన చిన్న సుత్తి తీసి, తబలా అంచు మీద టకటకా కొట్టడం మొదలుపెట్టాడు. వినగడప నుంచి వచ్చిన మా పిన్నత్తగారు, అంటే మా అత్తగారి చెల్లెలు, నా చెవిలో "ఇంటి దగ్గరే బాగుచేయించుకుని రావొద్దూ?" అంది. శ్రుతి కుదిరాక ఆలాపన. తాళం లేదు, తొందర లేదు, ఒక్కో స్వరాన్నీ పలకరించి, కూర్చోబెట్టి, కుశలమడిగి ముందుకి వెళుతున్నాడాయన. పది నిమిషాలయ్యాక పిన్నత్తగారు జాలిగా నిట్టూర్చింది. "పాపం, ఇంకా పాట గుర్తు రాలేదల్లే ఉందే!"

సరిగ్గా అప్పుడే కీ... మంది. విద్వాంసుడు ఆగి మైకు కేసి చూశాడు. మైకు సెట్టాయన ఏవో తిప్పాడు. మళ్లీ మొదలు, మళ్లీ కీ... ఆయన వైర్లు మార్చాడు, ఫ్యాన్లు ఆపించాడు, అందరం చెమటలు కక్కుతున్నాం. మూడోసారి కూసేసరికి పిన్నత్తగారు లేచి నిలబడి, "మైకు కాదు నాయనా, అది మా బావగారి చెవి!" అంది.

హాలంతా గొల్లుమంది. మేమూ నవ్వాం, అబద్ధమెందుకు. మామగారికి కాసేపు అర్థం కాలేదు. అర్థమయ్యాక మిషను తీసి జేబులో వేసుకున్నారు. జేబులోంచీ కూసింది. ఇంకా నవ్వు. చివరికి దాని బ్యాటరీ పీకేసి, చేతులు ఒళ్లో పెట్టుకుని, "నాకేం ఫర్లేదు, మీరు కానివ్వండి," అన్నారు, వీధి చివరికి వినపడేటట్టు. తన కోసం పెట్టించుకున్న కచేరీకి తనే చెవిటివాడై కూర్చున్నారు. అప్పుడు ఎవరికీ నవ్వు రాలేదు.

విద్వాంసుడు మా ఆడపడుచుని హిందీలో ఏమిటని అడిగాడు. ఆమె చెప్పింది. ఆయన వేదిక దిగొచ్చి, మామగారిని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి, తనకీ తబలాకీ మధ్య కూర్చోబెట్టుకున్నాడు. ఉన్నవాటిలోకల్లా పొడుగాటి వేణువు తీశాడు. దాని చివర మామగారి వేళ్లు ఆనించాడు. తబలా ఆయన ఎడమచేత్తో వాయించే పెద్ద డగ్గాని మామగారి మోకాలికి తగిలేలా జరిపాడు. మళ్లీ ఆలాపన మొదలైంది. మామగారు కళ్లు మూసుకున్నారు. చాలాసేపటికి తబలా అందుకుంది. మొదటి దెబ్బకే మామగారు ఉలిక్కిపడి కళ్లు తెరిచి, "ఆఁ! బెల్టు పడింది!" అని కేక పెట్టారు.

మిల్లులో మోటారుకి బెల్టు తగిలించగానే నేల అదిరేది, అదీ ఆ మాటకి అర్థం. సభలో సగంమంది మిల్లుకి ధాన్యం తోలినవాళ్లే. చప్పట్లు కొట్టేశారు. విద్వాంసుడికి ఆ మాట తెలీదు గానీ, శభాష్ లాంటిదేదో అనుకుని వంగి దణ్ణం పెట్టి, వేగం పెంచాడు. వంటాయన రెండుసార్లు వచ్చి ఉప్మా చల్లారిపోతోందని సైగ చేసినా ఎవరూ లేవలేదు.

ఇంటికొస్తూ కార్లో మామగారు తన వేళ్ల కొసలు తడుముకుంటూ, "మరీ పది నిమిషాలకే ఆపేశాడేంటమ్మాయ్?" అన్నారు. గంటన్నర వాయించాడని ఎంత అరిచి చెప్పినా నమ్మలేదు. గడియారం చూపించాను. అది తప్పన్నారు.

ఆ గంటన్నర ఆయన లెక్కలో పది నిమిషాలు. ఆయన పోయి నాలుగేళ్లంటున్నారు ఇంట్లో. నా లెక్కలో ఇంకా చాలా ఎక్కువే అయింది.