వ్యాను గొట్టాల్లో వంటగ్యాసు

ఆవిడని వీధిలో అందరూ చల్లగాలి అక్క అంటారు. బండ్లకి ఏసీలు బాగుచేసే షెడ్డు ఆవిడది. పేరు చల్లగానే ఉంది గానీ, షట్టరు ఎత్తింది మొదలు దించేదాకా ఆవిడ గుండె అరచేతిలో పెట్టుకునే పనిచేస్తుందన్న సంగతి ఇంటాయనకి తప్ప ఎవరికీ తెలియదు.

ఆవిడ పుట్టు పిరికిది. చిన్నప్పుడు బెలూన్లు పగులుతాయని పుట్టినరోజు పిలుపులకే వెళ్ళేది కాదు. పెళ్ళయ్యాక కుక్కరు కూతకి వచ్చిందంటే పక్కగదిలోకి తప్పుకునేది. అలాంటి మనిషికి గ్యాసు గొట్టాలతో కాపురం రాసిపెట్టి ఉంది. షెడ్డు నిజానికి భర్తది. ఏడేళ్ళ కిందట ఒక కారుకి గ్యాసు ఎక్కిస్తుండగా రబ్బరు గొట్టం చిట్లి, మంచుకన్నా చల్లటి ద్రవం ఆయన ముఖాన కొట్టింది. కుడికన్ను పోయింది. ఎడమకంటికి వెలుగూ నీడా తప్ప మరేమీ ఆనదు. ఆ తర్వాత ఆయన షెడ్డు గుమ్మం తొక్కలేదు. ఇంట్లో బట్టలు కుట్టుకునే ఆవిడే స్పానరు పట్టుకోవాల్సి వచ్చింది.

పని నేర్పింది ఆయనే. పాత కంప్రెసర్ ఒకటి ఇంటికి తెప్పించి, వంటింటి గచ్చు మీద పాత దుప్పటి పరిచి, చేత్తో తడుముతూ విప్పించాడు. గ్యాసుని నొక్కి ముందుకు తోసే గుండెకాయ ఇదేనన్నాడు. లోపల నూనె ఉన్నన్నాళ్ళూ బతుకుతుంది, నూనె ఎండితే తన్ను తానే కొరుక్కుని చస్తుందన్నాడు. ఆవిడ నేర్చుకుంది గానీ భయం మాత్రం పోలేదు. కళ్ళద్దాల మీద కళ్ళద్దాలు, చేతొడుగుల మీద చేతొడుగులు వేసుకునేది. ఏ బోల్టు విప్పినా ముఖం పక్కకి తిప్పుకునే విప్పేది. అక్క బోల్టు విప్పేలోపు కొత్తబండి పాతదైపోతుందని తోటి మెకానిక్కులు వేళాకోళం చేసేవాళ్ళు. ఆవిడ కూడా నవ్వేది. నవ్వుతూనే ఇంకో చుట్టు నిదానంగా తిప్పేది.

ఎండ మాడ్చేస్తున్న ఒక మధ్యాహ్నం బడిపిల్లల వ్యాను ఒకటి వచ్చింది. తోలేది ముప్పై దాటిన ఆడమనిషి. ఏసీ వేస్తే చాలు, ఇంజన్ దగ్గర ఏదో పీక నులిమినట్టు అరుస్తోందనీ, రబ్బరు కాలిన కంపు వస్తోందనీ చెప్పింది. సాయంత్రం పన్నెండుమంది పిల్లల్ని ఇళ్ళకి చేర్చాలి, వేడికి పసివాళ్ళు వాడిపోతున్నారు, ఎలాగైనా చూడమని బతిమాలింది.

అక్క బానెట్ ఎత్తి, ఇంజన్ ఆన్ చేయించి, డ్రైవరుని దించి నీడన నిలబెట్టి, ఇంటికి ఫోన్ కలిపి కంప్రెసర్ దగ్గర పెట్టింది. అది వాళ్ళకి అలవాటే. ఆయన చెవులతో చూస్తాడు.

కాసేపు విని, బేరింగు పోయిందనీ, లోపల ఇనుము ఇనుముని తింటోందనీ, కంప్రెసర్ మార్చాల్సిందేననీ తేల్చాడు. ముందు గేజీలు తగిలించి ఒత్తిడి చూడమన్నాడు.

ఆవిడ ఫోన్ కట్టెయ్యకుండానే జేబులో వేసుకుని గేజీలు బిగించింది. ముల్లు ఆ ఎండకి ఉండాల్సిన చోట లేదు. గేజీ తప్పేమోనని మళ్ళీ విప్పింది. విప్పేటప్పుడు ఎప్పటిలా చిన్నగా బుస్సుమంది. ఆ వెంటే సన్నటి వాసన ముక్కుకి తగిలింది.

ఏసీ గ్యాసుకి అలాంటి కంపు ఉండదు. అది రోజూ పొద్దున స్టవ్వు దగ్గర వచ్చే వాసన. ఎవరో ఈ వ్యాను గొట్టాల్లో వంటగ్యాసు నింపారు.

ఇంజన్ నడుస్తూనే ఉంది. కంప్రెసర్ పట్టేసినప్పుడల్లా బెల్టు రాసుకుని పొగ లేస్తోంది. పట్టుమని పదడుగుల దూరంలో, రేకు గోడకి అవతల, వెల్డింగ్ చేసే పెద్దాయన గేటు అతుకుతున్నాడు. నిప్పురవ్వలు గోడ కిందినుంచి దొర్లుకుంటూ ఇటే వస్తున్నాయి.

అరిచినా ఆ వెల్డింగ్ మోతలో పెద్దాయనకి వినపడదు. వెళ్ళిపో, వెళ్ళిపో అని ఒంట్లో ప్రతి నరమూ చెబుతోంది. కానీ తాళంచెవి వ్యాను లోపలుంది. ఆవిడ కిటికీలోంచి చెయ్యి పెట్టి ఇంజన్ ఆపింది. గోడ పట్టుకుని అవతలికి నడిచి, పెద్దాయన భుజం మీద చెయ్యి వేసింది. ఆయన ముసుగు ఎత్తి ఆవిడ ముఖం చూశాడు. ఏమైందని అడగలేదు. మిషన్ స్విచ్చి కట్టేసి లేచాడు.

డ్రైవరుతో కలిసి ముగ్గురూ వ్యానుని షెడ్డు వెనక ఖాళీ జాగాలోకి తోశారు. గాలి బాగా ఆడే చోట ఆపి, తలుపులన్నీ బార్లా తీసి, దూరంగా వచ్చి నిలబడ్డారు. అప్పుడు అక్క డ్రైవరు వైపు తిరిగింది.

"ఇందులో గ్యాసు ఎవరు పట్టారమ్మా?"

దారిలో ఎవరో తొందరగా పట్టి ఇచ్చారనీ, బాగా చల్లబడిందనీ, మంచి గ్యాసే అన్నారనీ చెప్పింది డ్రైవరు. చెబుతూ చెబుతూనే ఆమెకి అర్థమైపోయింది. చల్లబరిచే గొట్టాల చుట్ట డాష్‌బోర్డు వెనకే ఉంటుంది. అది గనక కారి ఉంటే, కిటికీలు మూసిన వ్యానులో పన్నెండుమంది పిల్లలు. ఆమె చెట్టంత మనిషీ నేల మీద చతికిలబడింది.

అంతలో కర్ర తాటిస్తూ భర్త వచ్చాడు. రెండు వీధుల అవతలినుంచి, గోడలు తడుముకుంటూ వచ్చాడు. జేబులో ఫోన్ ఆన్‌లోనే ఉంది కదా, ఆవిడ ఊపిరి మారడం ఆయన విన్నాడు. చొక్కా చెమటకి ఒంటికి అతుక్కుపోయింది. ఆయన ముఖంలో భయం ఆవిడ భయానికి రెండింతలు ఉంది.

"దాన్ని ముట్టుకోకు. పంపించెయ్. నా కన్ను పోయింది చాలు."

"పంపిస్తే ఎక్కడికి పోతుందండీ? రేపు మళ్ళీ పిల్లలే ఎక్కుతారు."

ఆయన కర్రతో తడుముతూ వెళ్ళి ఒక రాయి మీద కూర్చున్నాడు. తర్వాత, నెమ్మదిగా, గ్యాసు లాగే మిషన్ మాత్రం తగిలించకు, దాని మోటారులోనే రవ్వ పుడుతుంది అన్నాడు. అదే ఆయన ఒప్పుకోలు.

ముందు, ఈ పూట వ్యాను రాదని పిల్లల తల్లిదండ్రులకి కబురు పెట్టించారు. తర్వాత బ్యాటరీ వైరు పీకడానికి ఆవిడ ఒక్కతే వ్యాను దగ్గరికి వెళ్ళింది. వాసన పోయిందని రూఢి చేసుకున్నాకే, ఊపిరి బిగబట్టి, వైరు తీసింది. పొడుగాటి గొట్టం తగిలించి, రెండో కొసని గాలి వీచే దిక్కున మనుషులు లేని మూలకి లాగింది. వాల్వు వెంట్రుకవాసి తిప్పింది. బుసలు కొడుతూ గ్యాసు పోవడం మొదలైంది. ఆయన రాయి మీద కూర్చుని చెవి రిక్కించి, పెరిగింది, తగ్గించు, ఇప్పుడు సరే అని చెబుతూ వచ్చాడు. పెద్దాయన అటుగా ఎవరూ రాకుండా కాపలా కాశాడు. గంటన్నర పట్టింది. ఆ గంటన్నరలో ఆవిడ మంచినీళ్ళు తాగడానికి కూడా లేవలేదు. లేస్తే తిరిగి వచ్చి కూర్చోగలనన్న నమ్మకం లేదు.

గొట్టాల్లోకి నైట్రోజన్ ఊది, మిగిలిందంతా వెళ్ళగొట్టాకే మర్నాడు కంప్రెసర్ దించింది. నూనె వంచితే కాటుకలా నల్లగా పడింది. అందులో ఇనుప రజను మిలమిల మెరిసింది. ఆ రజను ఒక్క పిసరు మిగిలినా కొత్త కంప్రెసర్‌ని కూడా చంపేస్తుంది. గొట్టాలన్నీ కడిగి, తేమ పీల్చే ఫిల్టర్ కొత్తది వేసి, కొలతగ్లాసుతో నూనె పోసి, లోపలి గాలంతా లాగేసి ముల్లు కదలకుండా నిలుస్తుందా అని అరగంట చూసింది. కదల్లేదు. అప్పుడు అసలు గ్యాసు ఎక్కించింది.

వ్యాను తోలే ఆమె లోపల కూర్చుని చల్లగాలికి చేతులు చాపి ఏడ్చేసింది. ఆ వంటగ్యాసు పట్టినవాడి దగ్గరికి అక్కని కూడా తీసుకెళ్ళింది. వాడు ముందు బుకాయించాడు. వెల్డింగ్ పెద్దాయన కూడా వచ్చి ఎదురుగా నిలబడేసరికి, ఇంకా నాలుగు బండ్లకి పట్టానని ఒప్పుకున్నాడు. వారం తిరిగేలోపు ఆ నాలుగూ షెడ్డు వెనక జాగాలోకే వచ్చాయి.

నాలుగింటికీ భర్త వచ్చి అదే రాయి మీద కూర్చున్నాడు. ఆ తర్వాత మామూలు పనికి షెడ్డులోకి పిలిస్తే మాత్రం రాలేదు. ఆ గుమ్మం తలుచుకుంటేనే ముఖం మండుతోందన్నాడు. ఆవిడ బలవంతపెట్టలేదు. తనకీ ప్రతి వాల్వు దగ్గరా అరచేతులు చెమరుస్తూనే ఉన్నాయి.